మోకు లేకుండా దిగే మనుమరాలు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి నాలుగేళ్లు. పొద్దున నీ ఫొటో ముందు కల్లు సాక పోశాం. ఈసారి కబురు కూడా ఉంది. సముద్రం అడుగుకు మనుషులను తీసుకెళ్లే గోళం తయారీలో నా బిడ్డ స్వప్న పనిచేస్తోంది. వచ్చే నెల తనూ అందులో దిగుతుందట.

అవ్వ అడిగింది ఒకటే. "మోకు ఏడ కట్టుకుంటరు బిడ్డా?"

"మోకు ఉండదు అమ్మమ్మా. బరువులు వదిలేస్తే అదే పైకి తేలుతది."

అవ్వ అన్నం ముందు నుంచి లేచిపోయింది. రోజూ నడుముకు చుట్టే మోకును గుంజి చూసుకున్నాకే తాటిచెట్టెక్కిన నువ్వే ఒకసారి జారి కాలు విరగ్గొట్టుకున్నావు. నయం కాగానే మళ్లీ ఎక్కావు. నెల రోజులు ఆమె నీతో మాట్లాడలేదు.

అంత ప్రమాదం దేనికని నేనూ అడిగాను.

"ఆడ ఏమున్నదో ఇంకా ఎవ్వలు సరిగ్గ చూడలే అమ్మా," అంది స్వప్న.

దానికి గడప దగ్గర నిలబడ్డ అవ్వ నవ్వింది. "కల్లు లొట్టి దించుటానికి ఎంతసేపు? మీ తాత గంట దాక చెట్టు దిగేటోడు కాదు. ఏం జేస్తున్నవంటే, సారంగాపూర్ దాక కనవడుతుంది, ఆగు అనేటోడు."

సాయంత్రం అవ్వ దూలానికున్న నీ మోకు దించింది. మమ్మల్నెవరినీ ముట్టనివ్వనిది, స్వప్న చేతుల్లో పెట్టింది.

"గట్టిగ గుంజి చూడు. దిగేముందు అన్నీ గిట్లనే చూసుకో, ఒకల మీద ఇడ్వకు. పైనుంచి ఏం జూసిండో మీ తాత ఒక్కనాడు సక్కగ చెప్పలే. నువ్వన్నా అచ్చి చెప్పు."