ఒళ్లు కాదు, నీరు

ప్రియమైన శ్రీమతికి,

ఫొటో అందింది. మన చబ్బీ బుగ్గలు చూసి వెల్డింగ్ షెడ్డంతా మురిసిపోయింది. "ఒరేయ్, నువ్వేమో ఎముకల గూడు, కూతురేమో అంత ముద్దుగా ఉందేంట్రా! సంపాదనంతా దాని బుగ్గల్లోనే దాచావా?" అన్నాడు మా మేస్త్రీ. పోయిన ఫొటోలో కంటే నిండుగా ఉంది. ఇక్కడ కంపెనీ క్యాంపులో ఫోన్లు గేటు దగ్గరే లాక్కుంటారు, ఉత్తరాలే దిక్కు. ఫొటోలు పంపుతూ ఉండు.

మీ ఇద్దరి ధ్యాసలో,
నేను

ప్రియమైన మీకు,

మురిసింది చాలు. ఉయ్యాల్లో ఉన్నప్పుడు చబ్బీ అన్న మాట ముద్దే. ఇప్పుడు దానికి పదకొండేళ్లు. "చబ్బీలంతా వెనక వరసలోకి" అంటుందట డ్రిల్లు టీచరు. మా బట్టల కొట్టులో చబ్బీ సైజులని ఒక మూల పెట్టారు, అక్కడ లైటు కూడా సరిగ్గా పడదు. పక్కింటావిడ తన కుక్కపిల్లనీ అలాగే పిలుస్తుంది. ఆడపిల్ల ఒంటిమీద తీర్పు చెప్పే హక్కు దారినపోయే ప్రతివాడికీ ఎవరిచ్చారండీ?

పొద్దున లేస్తే కళ్లు ఉబ్బి ఉంటున్నాయని డాక్టరుకి చూపించాను. తలైనా ఎత్తకుండా "చబ్బీ గర్ల్! అన్నం తగ్గించమ్మా" అన్నాడు. "పాదాలు కూడా చూడండి సార్" అన్నాను. "నువ్వు పెట్టిందంతా ఎక్కడికో ఒకచోటికి పోవాలిగా!" అని నవ్వాడు. తగ్గించాను. అది ఆకలని అడగడం మానేసింది.

కోపంతోనే, ప్రేమగా,
మీ ఆవిడ

ప్రియమైన కోపిష్ఠికి,

ముద్దుపేరుకి కూడా ఉపన్యాసమేనా తల్లీ! డాక్టరుకంటే మనకెక్కువ తెలుసా? కొత్త ఫొటోలో ఇంకా బొద్దుగా ఉంది. అన్నం తగ్గించినా ఒళ్లు చేసిందంటే అది నీ చేతి చలవే. గొడవ పడకుండా ఉండు.

నీ తిట్లకి అలవాటుపడ్డ,
నేను

ప్రియమైన మీకు,

అన్నం తగ్గించిన పిల్ల ఒళ్లెలా చేస్తుందని ఎవరికీ అనుమానం రాలేదు. చదువుకున్న డాక్టరుకీ రాలేదు. అది ఒళ్లు కాదు, నీరు.

బడిలో కూలబడిపోయింది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ దాని పాదం మీద వేలితో నొక్కింది. గుంట పడింది, ఎంతసేపటికీ పూడలేదు. "ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా?" అంది. రెండు కిడ్నీలూ పోయాయి. ముందే పట్టుకుని ఉంటే మందులు పనిచేసేవేమో అంది.

యంత్రం పెట్టి నీరు లాగేశారు. బుగ్గలు లోపలికి పోయి పళ్లు బయటికొచ్చాయి. చూడ్డానికొచ్చిన డ్రిల్లు టీచరు గుమ్మంలోనే "అబ్బ, ఎంత స్లిమ్ అయిందో!" అంది. మెచ్చుకోలుగానే అంది. ఇంతటి గయ్యాళిదాన్ని, ఆవిడకి కుర్చీ జరిపాను.

నా కిడ్నీ దానికి పనికిరాదన్నారు. ఇక మీదే పరీక్ష చెయ్యాలి. సెలవివ్వకపోతే ఆ ఉద్యోగం వాళ్ల మొహాన కొట్టి రండి.

"నాన్న నన్ను గుర్తుపడతాడా?" అని అడుగుతోంది. పడతాడన్నాను. కిటికీ పక్క మంచం. తలుపు దగ్గర నిలబడి మొహాలు వెతక్కండి, అది చూస్తూ ఉంటుంది. నేరుగా ఆ మంచం దగ్గరికే రండి.

ఎదురుచూస్తూ,
దాని అమ్మ