ఇస్త్రీ గదిలో తప్పిపోయిన ఫ్రేములు

వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ, సహాయ విభాగం వారికి,

"గౌరవనీయులైన" అని మొదలుపెట్టలేదు. కావాలనే.

మా సినిమాలో ఫ్రేములు దొంగిలించారు. దొంగిలించింది మీ సాఫ్ట్‌వేర్. ఈ మాట నేను చచ్చినా వెనక్కి తీసుకోను.

మాది పెద్ద లాండ్రీ. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు బండ్లకొద్దీ వచ్చి పడతాయి. ఇస్త్రీ గదిలో మా వదిన నడిపే ప్రెస్సు, అదే దుప్పట్లని రెండు వేడి పలకల మధ్య నొక్కే యంత్రం, పై పలక ఉన్నట్టుండి పడి, ఆమె రెండు వేళ్ళు కాల్చింది. "ఆవిడే చెయ్యి ఆలస్యంగా తీసింది" అని మేనేజరు రాసి పారేశాడు. గురువారం భద్రతా అధికారి తనిఖీకి వస్తున్నాడు. ఆయన కూడా ఆ మాటే నమ్మితే వదిన ఉద్యోగం పోతుంది, ఆ ప్రెస్సు ముందుకి ఇంకొకరి వేళ్ళు వస్తాయి. అందుకని మా సంఘం వాళ్ళం, వదిన కట్టు కట్టిన చేత్తోనే మళ్ళీ అదే ప్రెస్సు మీద పనిచేస్తుండగా ఫోన్లలో తీసి, మీ సాఫ్ట్‌వేర్‌లో కూర్చి, ఒక సినిమాగా ఎక్స్‌పోర్ట్ చేశాం.

ఏమొచ్చింది? మనుషులు నడవడం మానేసి గెంతుతున్నారు. వదిన ముఖం గచ్చు పలకలు పరిచినట్టుంది. అసలు పలక పడే చోట బొమ్మ ఎగిరి దూకుతోంది. శ్రామికుల చెయ్యి లోకానికి కనపడకూడదన్నది పెట్టుబడి పాత కోరికే అని నేను చదివిన ప్రతి కరపత్రంలోనూ ఉంది. ఇప్పుడు కళ్ళారా చూశాను.

జవాబు చెప్పండి.

అలుపెరగని,
ప్రచార కార్యదర్శి, ఇస్త్రీ గది సంఘం

తా.క.: ఇది బహిరంగ లేఖ. ఒక ప్రతి మా నోటీసు బోర్డు మీద అంటించాను. మైదాపిండితో. ఊడదు.

*

ప్రియమైన వినియోగదారు గారికి,

మీ సంతోషమే మా ఊపిరి!

మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. దయచేసి ఈ వివరాలు పంపగలరు: ఏ ఫోన్లతో తీశారు, టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలు) ఎంత పెట్టారు, ఎక్స్‌పోర్ట్‌లో బిట్‌రేటు ఎంత, మిగతా సెట్టింగులు ఏమైనా మార్చారా.

భవదీయురాలు,
మూడో బల్ల, సహాయ విభాగం

తా.క.: మేము ఏమీ దొంగిలించలేదండీ. ఇక్కడ నా పెన్ను కూడా నాకు మిగలదు.

*

మూడో బల్ల గారికి,

"మార్చారా" అని అడుగుతున్నారు. మార్చకుండా ఉండడానికి మేము మీలా ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకునే వాళ్ళం కాదు. మా సంఘంలో ప్రతిదీ ఓటు మీదే నడుస్తుంది.

ఫోన్లు నాలుగు. బండి డ్రైవరు ఫోను సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు తీస్తుంది, గేటు దగ్గర పెద్దాయనది ఇరవై అయిదు, నాదీ, మడతలు పెట్టే చెల్లెమ్మదీ ముప్పై. ఎవరి ఫోను లెక్క పెట్టినా మిగతావాళ్ళని చిన్నబుచ్చినట్టే కదా? పెద్దాయన అప్పటికే అలిగి టీ ముట్టలేదు. అందుకని నాలుగూ కలిపి సగటు తీసి, చేతులెత్తి ఆమోదించి, ఇరవై ఏడు పెట్టాం. మిగిలిన పావు ఫ్రేముని సంఘానికి విరాళంగా రాశాం.

ఇక ఆ కీ ఫ్రేముల సంగతి. మీ సహాయం పేజీలో చదివి నా ఒళ్ళు మండింది. ఒక ఫ్రేము మాత్రం బొమ్మ మొత్తం తన దగ్గర పెట్టుకుంటుందట! వెనకాల వచ్చేవన్నీ "నాకూ దానికీ ఇదిగో ఇంత తేడా" అని రాసుకుని దాని నీడన బతకాలట! కంప్యూటరులో కూడా యజమానులూ కూలీలూనా? ఏకగ్రీవ తీర్మానం చేసి ప్రతి ఫ్రేమునీ కీ ఫ్రేము చేసేశాం. బిట్‌రేటు అన్నిటికంటే తక్కువది పెట్టాం, అందరి ఫోన్లకీ తేలిగ్గా వెళ్ళాలని.

ఇందులో తప్పేముందో చెప్పండి.

ఇంకా అలవని,
ప్రచార కార్యదర్శి

తా.క.: ఇదీ బోర్డు మీద అంటించాను. "ఎవరి మీద రాశావురా ఇదంతా?" అని వదిన అడిగింది. "మూడో బల్ల మీద" అన్నాను. "బల్ల ఏం చేసిందిరా పాపం" అంది.

*

ప్రియమైన కార్యదర్శి గారికి,

మీ సంతోషమే మా ఊపిరి! (ఈ వాక్యం నేను రాసేది కాదు. చెరిపే అధికారం నాకు లేదు.)

మీ ఉత్తరం రెండుసార్లు చదివి, కుర్చీలో వెనక్కి వాలి, కాసేపు పైకప్పు చూశాను. పన్నెండేళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఫ్రేమ్ రేటుకి ఓటింగు పెట్టిన వాళ్ళు మీరే మొదలు.

మీరు దుప్పట్ల వాళ్ళు కనక అలాగే చెబుతాను. ప్రతి ఫ్రేముకీ నిండు దుప్పటి ఇవ్వాలన్నారు, బాగుంది. కానీ మొత్తానికి ఇచ్చిన గుడ్డ, అంటే బిట్‌రేటు, ఒక్క గజం. అందుకే అందరికీ తలా ఒక చేతిరుమాలు వచ్చింది. మీ వదినగారి ముఖం గచ్చు పలకల్లా కనపడింది అందుకే. కీ ఫ్రేముల సెట్టింగు ముందు ఎలా ఉందో అలా పెట్టేసి, బిట్‌రేటు పెంచండి.

ఇరవై ఏడు వద్దు. ప్రెస్సు ఏ ఫోనుతో తీశారో టైమ్‌లైన్‌కి ఆ రేటే పెట్టండి. పెద్దాయనకి నా తరఫున క్షమాపణలు చెప్పండి. ఫోన్లు మధ్య మధ్యలో రేటు తగ్గిస్తాయి, పెంచుతాయి. కాబట్టి తీసిన ముక్కలన్నిటినీ ముందు స్థిరమైన రేటుకి మార్చుకుని, తర్వాత కూర్చుకోండి.

మారింది మాత్రమే రాసుకోవడం అణచివేత అన్నారు. నేను రోజంతా చేసేది అదే కదండీ. నిన్నటి ఉత్తరమే ఇవాళా పంపుతాను, పేరు ఒక్కటీ మారుస్తాను.

భవదీయురాలు,
మూడో బల్ల

తా.క.: మీ ఉత్తరానికి మాత్రం మొత్తం కొత్తగా రాయాల్సి వచ్చింది. మా సూపర్‌వైజరు వచ్చి "ఒంట్లో బాగానే ఉందా అమ్మా?" అని అడిగి వెళ్ళాడు.

*

మూడో బల్ల అక్కకి,

మీరు చెప్పినట్టే చేశాను. తీర్మానాల రద్దుకి అత్యవసర సమావేశం పెట్టాల్సి వచ్చింది. పెద్దాయన వాకౌట్ చేసి, కుర్చీ ఆయనదే కనక, కుర్చీతో సహా వెళ్ళిపోయాడు.

ఎక్స్‌పోర్ట్ గీత చివరిదాకా వచ్చి కూర్చుంది. దాని ముందు నేనూ కూర్చున్నాను. నాకంటే ముందు అదే లేచింది. నిజం ఒప్పుకోవాలి: బొమ్మ అద్దంలా ఉంది. మనుషులు మనుషుల్లా నడుస్తున్నారు. వదిన ముఖం చూసి వదినే "ఇంత ముసలిదాన్నయ్యానా?" అని గొణుక్కుంది.

కానీ కుట్ర పూర్తిగా పోలేదు! పలక కిందికి దిగే చోట, సరిగ్గా అక్కడే, ఫ్రేములు ఇంకా ఎగిరిపోతున్నాయి. సగం దాకా సాఫీగా వస్తుంది, తర్వాత ఒక్క గెంతు, కింద ఉంటుంది. సినిమా అంతా బాగుండి, కావలసిన చోటే ఎందుకు చెడాలి? యజమానుల మీద ఈగ వాలనివ్వకుండా మీ సాఫ్ట్‌వేర్‌కి ఎవరు నేర్పారు? ఎన్నిసార్లు ఎక్స్‌పోర్ట్ చేసినా అదే గెంతు. కళ్ళు పీకేస్తున్నాయి. ఆ ముక్క జత చేశాను. ఎల్లుండే గురువారం.

బాగా అలిసిన,
తమ్ముడు (ప్రచార కార్యదర్శి)

తా.క.: అలవాటు కొద్దీ దీన్నీ బోర్డు మీద అంటించాను. మైదాపిండి అయిపోయింది.

*

తమ్ముడూ,

పైన ఉండాల్సిన వాక్యం ఈసారి నేనే చెరిపేశాను. ఏమవుతుందో చూద్దాం.

నువ్వు పంపిన ముక్క బాగా నెమ్మదిగా ఆడించి చూశాను. పలకని కాదు, దాని వెనక గోడని చూశాను. అక్కడ తాడు మీద పసుప్పచ్చ తువ్వాలు ఒకటి ఫ్యాను గాలికి ఊగుతోంది. పలక గెంతిన క్షణంలో కూడా అది ఎక్కడా తడబడకుండా ఊగుతూనే ఉంది. మీ వదిన చెయ్యి కూడా అంతే, సాఫీగా వెనక్కి వస్తోంది.

సాఫ్ట్‌వేర్ ఫ్రేము మింగితే బొమ్మంతా మింగుతుంది తమ్ముడూ. తువ్వాలూ గెంతాలి, చెయ్యీ గెంతాలి. తువ్వాలుని వదిలేసి పలకని ఒక్కదాన్నే మింగడం దానికి చేతకాదు.

నీ సినిమాలో ఏ లోపమూ లేదు. ఆ ప్రెస్సే అలా పడుతోంది. ఇన్నాళ్ళూ నువ్వు తీసెయ్యాలని చూస్తున్న ఆ గెంతే మీ వదినకి సాక్ష్యం. దాన్ని బాగుచెయ్యకు.

మూడో బల్ల అక్క

తా.క.: ఇవాళ ఇక ఎవరికీ జవాబు రాయను. కళ్ళు తుడుచుకుని ఇంటికి పోతాను.

*

అక్కా,

పరుగెత్తుకెళ్ళి మేనేజరుకి చూపించాను. తొందరపడ్డాను. ఆయన గెంతుని రెండుసార్లు చూసి, నింపాదిగా లేచి, నోటీసు బోర్డు దగ్గరికెళ్ళి, నా మూడు ఉత్తరాలూ గోరుతో గీకి, చిరగకుండా ఊడదీసుకున్నాడు. మైదాపిండిని కూడా నమ్మకూడదు.

"ప్రచార కార్యదర్శివి నువ్వే సంతకం పెట్టి మరీ రాశావు కదయ్యా, సాఫ్ట్‌వేర్ ఫ్రేములు మింగుతోందని? మూడు ఉత్తరాల్లోనూ నింద దాని మీదే. పలక గెంతడం దాని పనే. గురువారం అధికారికి ఇవే చూపిస్తాను" అన్నాడు. మొదటి ఉత్తరంలోని "చచ్చినా వెనక్కి తీసుకోను" అన్న మాట కింద ఎర్రగీత కూడా గీశాడు.

ఇన్నాళ్ళకి నా రాతలు అక్షరం విడవకుండా చదివిన మనిషి దొరికాడు అక్కా. అది మేనేజరు.

వదిన కట్టు కట్టిన చేత్తో టీ గ్లాసు నా ముందు పెట్టి, "తాగరా. తాగి, వెనక్కి తీసుకో" అంది. తీసుకుంటున్నాను. మీ సాఫ్ట్‌వేర్ దొంగ కాదు. ఈ మాట బోర్డు మీద రాశాను, ఈసారి సుద్దతో, తలుపంత అక్షరాలతో. పెద్దాయన కుర్చీ తెచ్చి దాని కింద కూర్చున్నాడు, ఎవరూ చెరపకుండా.

సాఫ్ట్‌వేర్ తప్పు లేదని మీ కంపెనీ నుంచి కాగితం అడగను. దాని మీద సంతకం పడేసరికి వదిన వేళ్ళు మానిపోతాయి, ఉద్యోగం ఊడిపోతుంది. మీరే రండి. అధికారి ముందు తువ్వాలు సంగతి రెండు ముక్కలు చెబితే చాలు. రాలేకపోయినా ఫరవాలేదు, నాకు నోటికొచ్చేసింది.

మీ తమ్ముడు

తా.క.: ఆ పసుప్పచ్చ తువ్వాలు మేనేజరుదే. ఇంట్లోది తెచ్చి రోజూ మా చేత ఉతికించుకుంటాడు. దాన్ని మాయం చేస్తాడేమోనని చెల్లెమ్మ మడతపెట్టి దిండుకింద దాచింది. రేపు మళ్ళీ అదే తాడు మీద ఆరేస్తాం, అదే ఫ్యాను వేస్తాం, గోడకి తెల్ల దుప్పటి కట్టి సినిమా నెమ్మదిగా ఆడిస్తాం. ఇదీ బహిరంగ లేఖే: వచ్చినవాళ్ళంతా ముందు తువ్వాలుని చూడండి, తర్వాత పలకని చూడండి. గురువారం సాయంత్రం అయిదు గంటలకి, ఇస్త్రీ గదిలో. అందరూ రండి.