కుర్చీ మీద చెయ్యి

మార్చి 4

నకలు వేసుకోడానికి పర్మిషన్ వచ్చింది. మ్యూజియం రెండో అంతస్తు, పెద్ద హాలు. మంగళవారం సెలవు. షరతులు మామూలే. నకలు అసలు సైజులో ఉండకూడదు, చిన్నదన్నా, పెద్దదన్నా అయ్యుండాలి. చిన్నదే వేస్తానన్నాను. నా ఈజిల్ చుట్టూ నేల మీద పసుపు టేపు అంటించారు, జనం అది దాటి రాకూడదు. స్టూలు కూడా వాళ్ళదే. దానికి వీపు ఆనించుకోడానికి ఏమీ లేదు. హాయిగా వాలిపోతే పని సాగదనుకున్నారు కాబోలు. నా నడుము గోడు ఎవరికి కావాలి.

హాలు కాపలా ఆవిడ మెడలో విజిల్ ఉంది. ఎవరైనా బొమ్మ దగ్గరికి ముక్కు చాపితే చాలు, ఊదేస్తుంది. ఆవిడకి నేను విజిల్ గారని పేరు పెట్టుకున్నాను.

వేయాల్సిన బొమ్మ 'భార్యాభర్తలు'. కిందటేడు చూడటానికి వచ్చినవాళ్ళ చేత ఓట్లు వేయిస్తే మ్యూజియం మొత్తంలో ఇదే మొదటొచ్చిందట. కిటికీ పక్కన బల్ల. భార్య కుర్చీలో కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తుంటుంది. భర్త వెనక నిలబడి కుర్చీ మీద చెయ్యి వేసుంటాడు. వాళ్ళ వెనక తలుపు ఓరగా తెరిచి ఉంటుంది. అంతే. దీని ముందు నిలబడి జంటలు నిట్టూరుస్తాయి.

వేయించుకుంటున్నది మా మరిది, చెల్లెలి మొగుడు. ఏప్రిల్ పన్నెండు వాళ్ళ పెళ్లిరోజు. అతనికి లోకంలోకెల్లా ఇష్టమైన బొమ్మ ఇదేనట. మొహాలు మాత్రం వాళ్ళిద్దరివి పెట్టాలన్నాడు. అమ్మ ఉబ్బితబ్బిబ్బయిపోయింది. అల్లుడంటే ఇలా ఉండాలి, దాని అదృష్టం అని రోజంతా అదే పాట. నేనూ సంబరపడ్డాను, అబద్ధమెందుకు.

నాకు నచ్చింది మాత్రం పక్క హాల్లో ఉంది. వాన వెలిసిన రోడ్డు. మనిషన్నవాడు లేడు. దాని ముందు ఎవరూ ఆగరు.

మార్చి 9

నకల్లో గది వచ్చింది, కిటికీ వెలుతురు వచ్చింది. సూది కూడా వచ్చింది, ఒక్క వెంట్రుక మందం గీత. నన్ను నేనే మెచ్చుకున్నాను, ఇంకెవరూ మెచ్చుకోరు గనక.

ఒక కుర్రజంట బొమ్మ ముందు అదే పోజులో సెల్ఫీ తీసుకుంది. వీళ్ళలాగే ఉండాలి మనం అంది ఆ అమ్మాయి. విజిల్ గారు ఊదింది.

మార్చి 13

భర్త చెయ్యి రావడం లేదు. నకళ్ళు వేయడం మొదలుపెట్టి ఇన్నేళ్ళయింది, ఏ చెయ్యీ నన్ను ఇంత ఏడిపించలేదు. కుర్చీ మీద ప్రేమగా ఆనినట్టు వేస్తాను. అసలు బొమ్మ చూస్తాను. అది కాదు. గీకేస్తాను. మళ్ళీ అదే వేస్తాను.

మార్చి 17, ఆదివారం

స్కెచ్ కోసం చెల్లి వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మ కూడా వచ్చింది. చెల్లిని కుర్చీలో కూర్చోబెట్టాను, మరిది వెనక నిలబడ్డాడు. చెయ్యి ఎక్కడ వేయాలో నేను చెప్పక్కర్లేకపోయింది.

నేను చెల్లిని ఏదడిగినా అతనే జవాబు. నిద్ర సరిగా పట్టడం లేదా, కళ్ళకింద ఆ నలుపేంటే అన్నాను. తనకి టీవీ పిచ్చి వదినగారూ అన్నాడతను. ఆ ఇంట్లో టీవీ తీసేసి ఏడాదైందని పోయిన వేసవిలో చెల్లే నాతో చెప్పింది. చెల్లి నవ్వింది. బల్ల మీద దాని ఫోన్ మోగితే అతనే అందుకుని, తర్వాత చేయమని పెట్టేశాడు.

భుజం గీత సరిగా కనబడక, చెయ్యి ఒకసారి తీయండి మరిదిగారూ అన్నాను. తీశాడు. నువ్వు కాస్త కదులు, వీపు పట్టేస్తుంది అని చెల్లితో అన్నాను. అది కదల్లేదు. చెయ్యి లేదక్కడ. అయినా కదల్లేదు.

దారిలో అమ్మతో ఈ మాటంటే, బొమ్మలు వేసేవాళ్ళకి అన్నీ ఎక్కువే కనిపిస్తాయంది.

మార్చి 20

చెయ్యి రానప్పుడు అద్దం పట్టమని మా మాస్టారు నేర్పారు. నాకు పని నేర్పినాయన, ముసలాయన, ఇప్పుడు ఊరవతల ఒంటరిగా ఉంటున్నారు. బొమ్మకి వీపు తిప్పి నిలబడి, చేతి అద్దంలో అసలునీ నకలునీ కలిపి చూడాలి. ఎడమది కుడయ్యేసరికి అలవాటుపడ్డ కన్ను కొత్తదవుతుంది. తప్పు ఠక్కున పట్టుబడుతుంది.

అలాగే చూశాను.

అతను కుర్చీ మీద చెయ్యి వేయలేదు. కుర్చీని పట్టుకున్నాడు. వేళ్ళ కణుపుల దగ్గర రంగు తెల్లబడి ఉంది. నేనది వెలుతురనుకున్నాను, కిటికీ అటువైపు లేకపోయినా సరే. బొటనవేలు వంగి కింద చెక్కని నొక్కుతోంది. కుర్చీ వెనక కాళ్ళు నేలలో దిగినట్టున్నాయి. ఆవిడ లేవాలంటే కుర్చీ వెనక్కి జరగాలి. జరగనివ్వడు.

తర్వాత ఆవిడ పాదం. బల్ల కింద, ఆ గోధుమరంగు చీకట్లో, ఓపిగ్గా చూస్తేగానీ కనబడదు. మడమ పైకెత్తి ఉంది. వేళ్ళు తలుపు వైపు తిరిగి ఉన్నాయి. ఆవిడ లేవబోతోంది. ఎప్పటినుంచో లేవబోతూనే ఉంది. వేలమంది దీని ముందు నిలబడి వీళ్ళలాగే ఉండాలి మనం అనుకుని వెళ్ళారు.

బ్రష్ కడిగేసి ఇంటికొచ్చాను. నాకు ఆవిడ గురించి కాదు భయం.

మార్చి 21

మళ్ళీ వేశాను. చెయ్యి ఒక్కసారికే వచ్చింది.

మార్చి 27

మరిది నా పని చూడటానికి మ్యూజియంకి వచ్చాడు. చెల్లి రాలేదా అన్నాను. ఎండలో ఎందుకులే అన్నాడు. చాలాసేపు చూశాడు. ఈ కణుపులు, ఈ పట్టు చూస్తే మొహం మాడుతుందనుకున్నాను. చెయ్యి అచ్చుగుద్దినట్టు దిగింది వదినగారూ అన్నాడు. చాలా సంతోషంగా అన్నాడు. అందరూ ప్రేమ అనుకుంటున్నదాన్ని అతనొక్కడే ఉన్నదున్నట్టు చూశాడు. అందుకే ఇష్టమన్నమాట.

వెళ్తూ ఒక మార్పు చెప్పాడు. తలుపు మూసేయమన్నాడు. తెరిచి ఉంటే ఇల్లు ఇల్లులా లేదట.

మూసేశాను. మడమ మాత్రం అసలు బొమ్మలో కన్నా ఒక్క పిసరు తెల్లగా వేశాను.

ఏప్రిల్ 2

చెల్లికి ఫోన్ చేశాను. అతనే ఎత్తాడు. స్నానం చేస్తోందన్నాడు. సాయంత్రం చేశాను. నిద్రపోతోందన్నాడు. ఇంటికి వెళ్ళాను. చెల్లీ నేనూ కూర్చుని టీ తాగాం, అతను తాగలేదు, చెల్లి వెనక నిలబడ్డాడు.

అమ్మతో గట్టిగానే చెప్పాను. పచ్చటి కాపురంలో నిప్పులు పోయకు అంది. నీకు పెళ్లి కాలేదు గనక నీకు తెలీదు అని కూడా అంది. ఏడుపొచ్చింది. ఏడ్చాను.

ఏప్రిల్ 12

బొమ్మ ఇచ్చాను. అతను గోడకి ఆనించి నిలబెట్టి, చూడు, నువ్వే అని చెల్లిని ముందుకు తెచ్చాడు. అది తన మొహం చూసుకుంది. చేతిని చూసింది. మూసిన తలుపు చూసింది. తర్వాత కళ్ళు మెల్లగా బల్ల కిందికి దిగాయి. అక్కడే ఆగిపోయాయి.

మడమ అలా ఎత్తి ఎంతసేపుంటుందక్కా, కాలు తిమ్మిరెక్కదూ అంది. ఆ రోజు అది మాట్లాడింది అదొక్కటే. ఎక్కుతుందే, అందుకే ఎప్పుడో ఒకప్పుడు లేవాలి అన్నాను. మరిది నవ్వాడు, జోకనుకున్నాడు.

ఫ్రేమ్ సంగతి నేనే ఎత్తాను. పచ్చి రంగు, ఎవరి చేతికిబడితే వాళ్ళ చేతికి ఇస్తే పాడైపోతుంది, మీరే దగ్గరుండి కట్టించాలి మరిదిగారూ, మంగళవారం పొద్దున వెళ్తే మధ్యాహ్నం దాకా పడుతుంది అన్నాను. ఒకళ్ళని నమ్మే మనిషి కాదు, వెంటనే ఒప్పుకున్నాడు. మంగళవారం నాకు మ్యూజియం సెలవు, రోజంతా ఇంట్లోనే పడి ఉంటాను అని కూడా అన్నాను. ఈ మాట చెల్లి వైపు చూడకుండా అన్నాను. గొంతు మామూలుగానే ఉందని నా నమ్మకం.

ఏప్రిల్ 15

రేపు రాకపోతే. వద్దు, రాయను.

ఏప్రిల్ 16, మంగళవారం

వచ్చింది. చేతిలో చిన్న బ్యాగు, కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులు. అమ్మ దాని జాకెట్టు చెయ్యి పైకి లాగి చూసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఇంతసేపైనా బయటికి రాలేదు.

మధ్యాహ్నం లోపే చెల్లిని ఇక్కడినుంచి పంపేశాను. ఎక్కడికో ఇందులో కూడా రాయను. ఈ పుస్తకం ఉండేది ఈ ఇంట్లోనే కదా, అతను వచ్చి వెతికితే దొరుకుతుంది.

ఏప్రిల్ 17

ఫోన్. ఫోన్. ఫోన్. అమ్మ ఎత్తి, మా అమ్మాయి నీ ఇంట్లో లేదా నాయనా అని ఎదురడిగింది. అమ్మ ఇంత బాగా అబద్ధమాడగలదని నాకు ఈ వయసులో తెలిసింది.

ఏప్రిల్ 20

మళ్ళీ మ్యూజియం. ఈసారి పక్క హాలు, నా కోసం, వాన వెలిసిన రోడ్డు. ఈ హాలు కూడా విజిల్ గారిదే. జనం లేరు.

రోడ్డు మలుపు కుదరక, స్టూలు మీదే బొమ్మకి వీపు తిప్పి కూర్చుని అద్దం ఎత్తాను. అద్దంలో ఖాళీ రోడ్డు, నా నకలు, వాటి మధ్య మరిది. పసుపు టేపు దాటి లోపలికి వచ్చేశాడు. ఎక్కడుంది అని అడిగాడు, చాలా నెమ్మదిగా, వదినగారూ అనకుండా. నేను అద్దం దించలేదు, తిరగలేదు. నాకు తెలీదన్నాను. నా వెనక్కి వచ్చి చెయ్యి చాపాడు.

స్టూలుకి వెనక ఏమీ లేదు. ఆ చెయ్యి పట్టుకోడానికి ఏమీ దొరక్క గాల్లోనే ఉండిపోయింది. విజిల్ గారు లేచి నిలబడింది. నా మడమ అప్పటికే ఎత్తి ఉంది.