పెట్టె మిషన్‌ది, తాళం నాది

విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ, డుంబ్రిగుడ మిషన్ మందులగది కాంపౌండరు బర్నబా అను నేను, యాభై తొమ్మిదేళ్ల వయసులో, ఎవరి ఒత్తిడీ లేకుండా, తెలివిలో ఉండి రాయించిన వీలునామా ఇది. నా తెలివి మీద ఎవరికైనా అనుమానం ఉంటే, ఈ పొద్దుట పదకొండు మందికి మందు కలిపాననీ, ఒక్కరికీ మోతాదు తప్పలేదనీ విచారించుకోవచ్చు. ఒంటి సంగతి వేరు. గుండెకు నీరు పట్టిందని నాకు తెలుసు. దానికి మా పెట్టెలో మందు లేదు.

1. నా గొంగళి కావడి మోసే భీముడికి. మూడు నెలలకొకసారి మిషన్ వాళ్లు పట్నం నుంచి పంపే మందులు శృంగవరపుకోట దాకా బండి మీద వస్తాయి. అక్కణ్ణించి ఘాటీ ఎక్కించేది భీముడి భుజమే. వానకు క్వినైన్ పొడి గడ్డకడుతుందని తన గొంగళి పెట్టెకు కప్పి తాను తడుస్తూ వచ్చేవాడు. పద్నాలుగేళ్లలో ఒక్క డబ్బా పాడవలేదు. భీముడికి మాత్రం దగ్గు వదలలేదు. ఈ గొంగళి వాడే కప్పుకోవాలి. మందులపెట్టెకు కప్పితే ఊరుకోను.

2. నా బైబిలు, గోడగడియారం విజయనగరంలో పంతులమ్మగా ఉన్న నా కూతురు లిదియాకు. గడియారం నాలుగు నిమిషాలు వెనక నడుస్తుంది, దాన్ని బాగుచేయించవద్దు. బైబిలులో నల్లదారం కట్టిన పొట్లం ఒకటి ఉంటుంది. అది లిదియాది కాదు. దాని సంగతి కింద రాశాను.

3. మందులపెట్టె మిషన్‌ది. సీసాలు, త్రాసు, కొలత గ్లాసు, అన్నీ మిషన్‌వే. వాటిని ఎవరికీ రాసిచ్చే హక్కు నాకు లేదు. కాని పాత తాళం తుప్పుపట్టి పోయాక వేసిన ఇత్తడి తాళం నేను కొన్నది. ఆ తాళాన్నీ, దాని రెండు చెవులనూ పక్క కొండమీది సోములమ్మకు సర్వహక్కులతో ఇస్తున్నాను.

సోములమ్మ బాప్తిస్మం తీసుకోలేదు. సంఘంలో లేని మనిషి చేతికి తాళంచెవి పోకూడదని మిషన్ కట్టడి. కనుక కారణం చెప్పాలి.

మందు ప్రభువు పేరిట ఇవ్వాలన్నది మా పద్ధతి. మొదటి ఏడేళ్లు నేను ప్రతి పొట్లాన్నీ అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ప్రార్థన చేసి ఇచ్చాను. కాగితం దొరక్క సువార్త కరపత్రాలే చించి పొట్లాలు కట్టేవాణ్ణి. పొడి ఒలక్కుండా నల్లదారం చుట్టేవాణ్ణి. ఈ కొండల్లో వైద్యం చేసే దిసారి కూడా వేరుముక్కను మంత్రించి, దారం చుట్టి ఇస్తాడు. దాన్ని మెడలో కట్టుకోవాలి, విప్పకూడదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నా పొట్లం వాళ్ల కంటికి ఎలా కనబడుతుందో ఆలోచించలేదు.

సోములమ్మ కూతురు రత్నకు ఆరేళ్లు. చలిజ్వరం వస్తే సంతరోజున తల్లి వచ్చి మూడు పొట్లాలు పట్టుకెళ్లింది. అయిదోరోజు నేను వెళ్లేసరికి పిల్ల పోయింది. మూడు పొట్లాలూ మెడలోనే ఉన్నాయి. ఎందుకు మింగించలేదని అడిగాను.

"నువ్వు మంత్రించి కట్టినావు గదా బాబూ. ఇప్పితే మంత్రం పోద్దని ఇప్పనేదు."

పిల్ల జ్వరంతో పోయిందని మిషన్ రిపోర్టులో రాశాను. అది సగం నిజం. మిగతా సగం ఇక్కడ రాయిస్తున్నాను.

ఆనాటినుంచి పొట్లం ఎవరి చేతికీ ఇవ్వలేదు. నీళ్లలో కలిపి నా ఎదుటే మింగించాను. కాని మూడురోజుల మందు ఒక్కరోజే పొయ్యలేం. నెల తిరక్కుండా సోములమ్మే వచ్చి, మిగతా రోజులకు ఇల్లిల్లూ తిరిగి తాను పోస్తానంది. ఏడేళ్లుగా పోస్తోంది. చదువు రాదు. మందు మింగినప్పుడల్లా ఆ ఇంటి గుమ్మం మీద బొగ్గుతో ఒక గీత గీస్తుంది. మూడు గీతలూ పడేదాకా ఆ ఇల్లు వదలదు. నా రిజిస్టరులో తప్పులుంటాయేమో గాని ఆ గుమ్మాల మీద ఉండవు.

4. ఈ వీలునామా జరిపించే భారం, సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశి ఏసుదానానిది. నేను మందు వేస్తున్నాను గాని ప్రార్థన మానేశానని మిషన్ దొరగారికి కాగితం రాసింది ఇతనే. రెండేళ్లు ఒకే ప్రార్థనమందిరంలో కూర్చుని మేం పలకరించుకోలేదు. నా తర్వాత తాళంచెవి తాను తీసుకుని, పొట్లాల మీద ప్రార్థన మళ్లీ మొదలుపెడతానని నా మొహం మీదే చెప్పాడు. దొరగారు అతని కాగితాన్ని బట్టే నడుచుకుంటారు. అతను కాదంటే మూడో అంశం చెల్లదు. పొట్లాలు మళ్లీ పిల్లల మెడలకెక్కుతాయి. నాకున్న భయం ఇదొక్కటే.

ఏసుదానానికి ఒకటి గుర్తు చేస్తాను. నిరుడు వానల్లో అతనికీ చలిజ్వరం వచ్చింది. మందు ఎదుట పెట్టుకుని ప్రార్థన మొదలెట్టాడు. అతని ప్రార్థన ఎంత పొడుగో సంఘమంతటికీ తెలుసు. సోములమ్మ గ్లాసు అతని నోటికి ఆనించి, "ముందు మింగు బాబూ. తరవాత పొద్దుగూకేదాకా సేసుకో" అంది. మింగాడు. లేచి తిరుగుతున్నాడు. మొన్న ఇంటికి సున్నం వేసుకున్నప్పుడు గుమ్మం మీది ఆ మూడు గీతలను మాత్రం వదిలేశాడు. ఎవరూ చూడలేదనుకుంటున్నాడు. నేను చూశాను. అందుకే ఈ పని ఇంకెవరికీ అప్పగించలేదు.

సాక్షి సంతకం చేసినవాడికి ఆస్తి చెందదట. గడియారం మీద అతనికి మనసుందని తెలిసే సాక్షిగా కూడా పెట్టాను.

5. బైబిలులోని పొట్లం రత్న మెడలోని మూడింటిలో ఒకటి. తల్లిని అడిగి తెచ్చుకున్నాను. దాన్ని నా చొక్కా జేబులో పెట్టి నాతో పాతిపెట్టాలి. ఎవరూ విప్పవద్దు, కట్టుకోవద్దు.

నా సమాధి దగ్గర ఏసుదానం ఎంతసేపు ప్రార్థన చేసినా అభ్యంతరం లేదు. అయితే అది సంతరోజయితే, మందుకు వచ్చినవాళ్లందరికీ మందు పోసి, పెట్టెకు తాళం వేశాకే నన్ను మొయ్యాలి. జ్వరం ఆగదు. నేను ఆగుతాను.

డుంబ్రిగుడ, సన్ 1927 ఆగస్టు 19.

బర్నబా, సంతకం

సాక్షులు:

తాతారావు, మిషన్ బడిపంతులు. బర్నబాగారు చెప్పగా రాసినది కూడా నేనే.

ఏసుదానం, ఉపదేశి. పూర్తిగా చదివి, మూడో అంశంతో సహా ఒప్పుకుని చేసిన సంతకం.