ఒక్క ‘కానీ’

నవంబర్ 9

ఇక్కడ గల్ఫ్‌లో రేపే హమద్ టౌన్ సెల్ టవర్ పని. పాత సిగ్నల్ పెట్టెలు దించి మా చైనా కంపెనీ కొత్తవి ఎక్కించాలి. మేనేజర్ లీ కెన్యా నుంచి వచ్చాడు, ఇది కాగానే పెరూ అట. మొన్న కాకినాడ నుంచి అమ్మ పంపిన ఫొటోలో, మేడ వెనక టవర్ మీద కూడా మా పెట్టెలే. ఒకప్పుడు గర్వంగా ఉండేది. ఇప్పుడు విసుగు.

నవంబర్ 10

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

పొద్దున మల్లేశ్ ఫోను, టవర్ కింద నుంచి. జగిత్యాల మనిషి. మా టవర్లెక్కేవాళ్లలో అతని మీదే నాకు నమ్మకం. “మేడం, గాలి జర ఎక్కువుంది. ఎక్కమంటరా?” ఎక్కాలో వద్దో చెప్పాల్సిన నేను ఆఫీసులో. పక్కనే లీ, యల్లా యల్లా అని తొందరపెడుతూ.

“పని ఇవాళే అవ్వాలి మల్లేశ్, కానీ...”

అంతే. లైన్ కట్. సరిగ్గా అప్పుడే పాత పెట్టె ఆపేశారు, ఆ వీధిలో సిగ్నలే పోయింది. ప్రపంచానికంతా సిగ్నల్ ఇచ్చేది మేమే మరి!

గాలి తగ్గేదాకా ఆగమనబోయాను. ఒట్టు.

ఎక్కేశాడు. గాలికి పెట్టె ఊగి భుజానికి కొట్టింది. కిందికి దించేదాకా బెల్టుకే వేలాడాడట. సల్మానియా ఆసుపత్రిలో ఉన్నాడు. భుజం ఎముక విరిగింది. బతికాడు.

నవంబర్ 11

ఆసుపత్రికి వెళ్లాను. కట్టుతో పడుకుని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకెక్కావయ్యా అంటే — “మీరే కానీ అన్నరు గద, మేడం.”

నేనన్న ‘కానీ’ అడ్డు చెప్పడానికి. వాళ్లవైపు దానికి ‘గని’ అంటారు. ఆంధ్రా మేడం ‘కానీ’ అంటే కానియ్యి, మొదలుపెట్టు అనుకున్నాడు. చెబితే తెల్లబోయాడు. మా నాన్న కూడా కంచం ముందు కూర్చోబెట్టి “ఊఁ, కానీ” అంటారు. అతన్నేమనను?

నవంబర్ 12

సైటు కాల్స్ రికార్డవుతాయి. మర్చేపోయాను. లీ వినిపించాడు. నా గొంతు, ఆ మాట, తర్వాత ఏమీ లేదు.

“చివరి మాటకి అర్థం ఏమిటి?” అన్నాడు. రెండున్నాయన్నాను. “రిపోర్టులో ఒకటే పడుతుంది.” రేపు మీటింగు — చైనా నుంచి హెడ్డాఫీసు, కైరో నుంచి సేఫ్టీ వాళ్లు. ఇన్ని దేశాల కంపెనీలో ఈ ఆఫీసులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

ఆగమనబోయానంటే, అనుమతి లేకుండా ఎక్కాడని మల్లేశ్‌ని ఇంటికి పంపేస్తారు, విరిగిన భుజంతో. కానిమ్మన్నానంటే నా ఉద్యోగం పోతుంది. భయంగా ఉంది.

మా ఆయన మాత్రం అన్నం తింటూ తేల్చేశారు. “నీకు పనికొచ్చే అర్థమే చెప్పు. వాళ్లకేమైనా తెలుగొచ్చా ఏంటి?” ఒళ్లు మండింది. నేనూ అదే అనుకుని ఉన్నందుకు ఇంకా మండింది.

నవంబర్ 12, రాత్రి

మల్లేశ్ ఫోను, ఆసుపత్రి నుంచే. “నా వీసా ఇచ్చిన కఫీల్ మనిషి అచ్చిండు, మేడం. రేపు నన్ను గూడ అడుగుతరంట. ఏం చెప్పమంటరు?”

“ఉన్నదే చెప్పు మల్లేశ్,” అన్నాను. “కానీ...”

ఈసారి లైన్ కట్ కాలేదు. అతని ఊపిరి వినిపిస్తోంది. నేను పూర్తి చేస్తానని ఆగాడు.

“ఇది ఏ కానీ, మేడం?”