ఓటు బల్ల దగ్గర నాకో కుర్చీ

టార్బెల్ కౌంటీ ఎన్నికల అధికారి శ్రీ మార్లిన్ ఈడె గారి సముఖమునకు, హాల్డెన్ ఊరి కాపురస్తురాలు, బడి వంటగదిలో పనిచేసుకొను లొరెట్టా వైగెల్ మనవి.

విషయం: నవంబరు ఐదున మా ఊరి ఫైరింజన్ షెడ్డులో జరుగు పోలింగునందు, ఓటరు పేరు అడిగి బ్యాలెట్టు చేతికిచ్చు బల్ల వద్ద నన్ను నియమించుట గురించి. రెండవసారి.

అయ్యా,

మొదటిసారి పంపిన అర్జీ మీద తమరు "స్వప్రయోజనం కలదు" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపినారు. ఏం చెయ్యాలని మీ ఆఫీసులో టెర్రీని అడిగితే, "అర్జీ అంటే నంబర్లు వేసి రాయాలి లొరెట్టా, ఏడుపు రాయకూడదు" అంది. కాబట్టి నంబర్లు వేశాను. ఏడుపు ఎక్కడైనా తగిలితే కొట్టేసుకుని చదువుకోగలరు.

1. ఆ బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా ఉన్నది. పదకొండేళ్లుగా అందులో కూర్చునే జోయాన్ హాగెన్ మోకాలి ఆపరేషన్ వల్ల ఈసారి రావడంలేదు. జోయాన్ మన కౌంటీ పోలీసును, జైలును నడిపే షెరీఫ్ రోజర్ హాగెన్ భార్య. షెరీఫ్ పదవికి పోటీలో ఉన్న భర్త పేరు అచ్చయిన బ్యాలెట్టును ఆమె తన చేత్తో మూడు ఎన్నికల్లో పంచినది. అప్పుడు స్వప్రయోజనం ఎవరికీ కనపడలేదు. టెర్రీని అడిగితే "అది వేరే" అంది. ఎలా వేరో రాతపూర్వకముగా తెలుపగలరు.

2. ఈసారి బ్యాలెట్టులో నాలుగో ప్రతిపాదన ఉన్నది. పెద్దవాళ్లు తమ దగ్గర కొద్దిపాటి గంజాయి ఉంచుకుంటే నేరం కాదు అనేది. ఔనో కాదో జనం తేల్చాలి. దాని గురించి బల్ల దగ్గర ఒక్క మాట మాట్లాడనని బైబిలు మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తాను. గంజాయి మంచిదని నేను ఏనాడూ అనలేదు. నా కొడుకు డెవిన్ జాకెట్టుకు ఆ వాసన వస్తే వేరేగా ఉతికి, తడి జాకెట్టుతోనే వాణ్ణి కొట్టాను. అప్పటికి వాడికి ఇరవై మూడేళ్లు. కొట్టించుకుని నవ్వాడు.

3. డెవిన్ సంగతి తమకు తెలుసు. కాగితం మీద ఉండాలి కాబట్టి రాస్తున్నాను. రెండేళ్ల కిందట, దుంపల కోత ఆఖరి శుక్రవారం, పొలంనుంచి వస్తుంటే ట్రక్కు వెనకలైటు వెలగడంలేదని ఆపారు. పొగాకు డబ్బాలో చిటికెడు దొరికింది. అన్నం డబ్బా పక్కన సంచీలో సూదులు దొరికాయి. వాడికి ఎనిమిదో ఏటినుంచి షుగరు. సూదులు ఇన్సులిన్‌వి. వాడు చెప్పాడు. అయినా ఆ సంచీని మత్తుమందు ఎక్కించుకునే సామగ్రి అని రాసి, సీలువేసి, సాక్ష్యాల బీరువాలో పెట్టి తాళం వేశారు. సీలు మీద సంతకం రోజర్ హాగెన్‌ది.

4. ఆ సాయంత్రం షెరీఫ్ కింద పనిచేసే డిప్యూటీ నాకు ఫోను చేశాడు.

"మీవాడు మా దగ్గర ఉన్నాడమ్మా. సోమవారం జడ్జిగారు వచ్చేదాకా ఇక్కడే."

"వాడికి షుగరు బాబూ. సూదుల సంచీ ఉందా?"

"ఉంది, మా దగ్గరే భద్రంగా ఉంది."

"అయితే ఉండనీ. రెండ్రోజులు లోపలుంటే బుద్ధొస్తుంది."

ఆ చివరి మాట నాది. ఎవరిమీదికీ నెట్టను. శనివారం నేను వాడి గది ఊడ్చి, దుప్పట్లు మార్చి, సోమవారానికని వాడికిష్టమైన పిండిముద్దల పులుసుకు కోడి కొని తెచ్చాను. ఆదివారం చర్చినుంచి వస్తుంటే రోజర్ కారు మా వాకిట్లో ఉంది. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. టోపీ చూడగానే నాకు తెలిసిపోయింది.

5. వాడు జైలుగదిలో పోయినందుకు విచారణ జరిగినది. "విధానలోపం ఏదియు లేదు" అని ముగించినారు. వకీలు ఇప్పించిన జైలు పుస్తకం నకలు నా దగ్గర ఉంది. గదిలో మీట నొక్కితే బయట కాపలావాడికి వినపడే పెట్టె ఉందట. శనివారం నాలుగుసార్లు ఒకే మాట రాసి ఉంది: "ఖైదీ పిలిచెను. మాట సరిగా వినబడలేదు." నాలుగోది మధ్యాహ్నం మూడుంబావుకు. తర్వాత ఏమీ లేదు. ఆ మూడుంబావుకు నేను కోడి కడుగుతున్నాను.

6. ఈ నెల పద్నాలుగున బడి ఆటలహాలులో ఆ ప్రతిపాదన మీద వాదం పెట్టారు. ఔననేవాళ్లు ఒకవైపు, కాదనేవాళ్లు ఒకవైపు, తలకు మూడు నిమిషాలు. బాస్కెట్‌బాల్ స్కోరు గడియారంతో లెక్క. టైము కాగానే బూర మోగుతుంది. రోజర్ లేచి ఆరు నిమిషాలు మాట్లాడాడు. బూర మోగలేదు. "మన ఊళ్లోనే ఒక కుర్రాణ్ణి ఈ గంజాయి పొట్టన పెట్టుకుంది. ఆ తల్లి ఇక్కడే ఉంది, అడగండి" అన్నాడు. అందరి తలలూ నా వైపు తిరిగాయి.

వెనక వరసలోంచి దుంపల రైతు ఎల్డన్ ముసలాయన, "ఏమయ్యా రోజరూ, నీ ట్రక్కులో బీరు పెట్టెలు దింపి వచ్చే మాట్లాడుతున్నావా?" అన్నాడు. కొందరు నవ్వారు. "నా బీరుకు బిల్లుంది ఎల్డన్, నీ నోటికే లేదు" అన్నాడు రోజర్. ఇంకా ఎక్కువ నవ్వారు. నా కొడుకు మాట ఎత్తిన నోరు ఆరకముందే నవ్వారండీ.

చీటీ మీద ప్రశ్న రాసి పంపాలని నిబంధన. నేను పంపాను: "ఆ శనివారం సంచీ ఎక్కడ ఉంది?" అని. సభ నడిపే పాస్టరు గారు చీటీ చూసి అడుగున పెట్టేశారు. అందుకని లేచి నిలబడి నోటితోనే అడిగాను.

"రోజర్, ఆ శనివారం సంచీ ఎక్కడుంది?"

"నీ కడుపుకోత మాకు తెలుసు లొరెట్టా. కూర్చోమ్మా."

"సంచీ ఎక్కడుందని అడిగాను."

బూర మోగింది. నాకు పది సెకన్లయినా కాలేదు.

7. కావున ఆ కుర్చీ నాకు కావాలి. షెరీఫ్ గారు ప్రతి ఎన్నికకూ ఏడింటికల్లా మొదటి ఓటు తనదే కావాలని, యూనిఫారంలో, పేపరు విలేకరిని వెంటబెట్టుకుని వస్తారు. వచ్చినవారు ఎంతటివారైనా సరే, ముఖం తెలిసినా సరే, బల్ల ముందు నిలబడి పేరు, ఇల్లు పైకి చెప్పాలనీ, చెప్పనిదే బ్యాలెట్టు ఇవ్వరాదనీ తమ రూలుపుస్తకం పన్నెండో పేజీలో ఉన్నది. రూలు నేను పెట్టలేదు. ఆయన నా ఎదట నిలబడాలి. నా ముఖం చూసి తన పేరు తన నోటితో చెప్పాలి. ఆ ఆటలహాలులో నన్ను కూర్చోమన్న మనిషి, నేను కూర్చుని ఉండగా నిలబడాలి. ఇదే నా స్వప్రయోజనం. పగ అని రాయకూడదన్నది టెర్రీ. ఆఫీసు భాషలో దాన్ని ఏమంటారో తమరే పూరించుకోగలరు: ................

8. ఒక సందేహం, నివృత్తి చేయగలరు. డెవిన్ పోయినప్పుడు ఊరంతా వంటలు తెచ్చి ఇచ్చారు. గిన్నె ఎవరిదో తెలియడానికి అడుగున కాగితం టేపు మీద పేరు రాస్తారు కదా. అన్నీ తిరిగిచ్చాను, "హాగెన్" అని ఉన్న గాజు గిన్నె తప్ప. అందులో వచ్చింది నేను తినలేదు, కుక్కకు కూడా పెట్టలేదు. పోలింగు రోజున ఆ గిన్నె తిరిగి ఇచ్చేద్దామనుకుంటున్నాను. ఖాళీ గిన్నె ఇవ్వడం మన ఊరి మర్యాద కాదు. విచారణ ముగిశాక సంచీని నాకు ఇచ్చేశారు, సీలు విప్పకుండానే. ప్లాస్టిక్కు సంచీ కాబట్టి పైకే కనపడుతుంది: లోపల సూదులు, రెండు ఇన్సులిన్ సీసాలు నిండుగా అలాగే ఉన్నాయి. దానిని గిన్నెలో పెట్టి ఇస్తాను. పోలింగు గదిలోను, గుమ్మానికి వంద అడుగుల లోపున ప్రచార సామగ్రి ఉండరాదని నిబంధన. షెరీఫ్ గారు తన చేతి సంతకంతో సీలువేసిన సంచీ, నాలుగో ప్రతిపాదనకు అనుకూల ప్రచారమా, వ్యతిరేక ప్రచారమా? రెండూ కాదంటే గిన్నె లోపలికి తెస్తాను. ప్రచారమేనంటే గుమ్మానికి వంద అడుగుల అవతల, ఆయన కారు బానెట్టు మీద పెట్టి వచ్చి నా కుర్చీలో కూర్చుంటాను.

9. నాకు ఎవరి క్షమాపణా వద్దు. నా ఓటు ఎటో ఎవరికీ చెప్పను. ఒక పగలంతా కదలకుండా కూర్చోగలను, ముప్పై ఏళ్లు వంటగదిలో నిలబడ్డదాన్ని.

పై సంగతులన్నీ చిత్తగించి, ఈసారైనా ఒక్క ముక్కతో తిప్పి పంపక, కుర్చీ ఇప్పించగలరని వేడుకొనుచున్నాను.

తమ విధేయురాలు (ఇది రాయకపోతే తీసుకోరట),
లొరెట్టా వైగెల్
హాల్డెన్, అక్టోబరు 19

మరొక మాట: పనికి పెట్టుకునే ఫారంలో "వినికిడి లోపం కలదా" అన్న గడిలో "లేదు" అని రాశాను. అది నిజమే, నా చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. కానీ ఐదో తారీకు పొద్దున్న ఏడింటికి, షెరీఫ్ గారు పేరు చెప్పినప్పుడు మాత్రం, మాట సరిగా వినబడదు. మళ్ళీ చెప్పమంటాను. నాలుగుసార్లు.