డాక్టరుతో చెప్పని పేరు

తిరుత్తణి, 14-7-1982, బుధవారం

ఈ పొద్దు మగ్గం నిలిపేసి మురళిని తిరువళ్ళూరు డాక్టరు దగ్గరికి పిలుచుకోని పోయినాను. మగబిడ్డగా పుట్టిన నా పద్నాలుగేండ్ల బిడ్డ. "నేను ఆడపిల్లని సార్, గొంతు మారకముందే మందియ్యండి" అని తానే చెప్పింది.

డాక్టరు నవ్వలేదు, కసరలేదు. మద్రాసు పెద్దాసుపత్రికి చీటీ రాసిస్తానని పుట్టుక, పెంపకం అన్నీ అడిగినాడు. అన్నిటికీ సరిగ్గానే చెప్పినాను. కడాన, "మీ ఇంట్లో ఈ మాదిరి ఇంకెవురన్నా ఉండారా? మీతో పుట్టినోళ్ళు?" అన్నాడు.

"ఎవురూ లేరు సార్. నేనొక్కణ్ణే."

నా నోట్లో మన్ను పడ. కుమారు నా తమ్ముడు కాదా? అమ్మ చీర కట్టుకున్నాడని పదహారేండ్లప్పుడు వాణ్ణి నాయన తన్ని తరిమినాడు. బతికుండంగానే, చచ్చినోళ్ళకు ఇడిసినట్టు నీళ్ళిడిసినాడు. పక్కన నిలబడి నేనూ ఇడిసినాను. ఇరవై ఏండ్లయింది. యాడుండాడో, అసలు ఉండాడో లేదో. ఆ పొద్దు చచ్చినాడన్నాము, ఈ పొద్దు పుట్టనే లేదని చెప్పేసినాను. డాక్టరు అదే రాసుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మురళి నా పక్కన కూర్చుంది. మెల్లిగా అడిగింది.

"అట్లయితే మన వంశంలో నేనొక్కదాన్నేనా, నాయనా?"

కుమారు పేరు నోటిదాకా వచ్చింది. ముందు సీట్లో మా వీధోళ్ళు ఉండారు.

"అవునమ్మా" అన్నాను.